ట్యాంకు తీసేశారు సరే, దాని కింది మట్టిని ఎవరు చూశారు?

న్యూజెర్సీలో పాత ఇళ్లు కొంటున్న తెలుగు కుటుంబాలకు, వారికి ఆ ఇళ్లు చూపిస్తున్న తెలుగు రియల్టర్లకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

ఎడిసన్‌లోనో పిస్కాటవేలోనో పార్సిపనీలోనో 1950ల్లో కట్టిన ఇల్లు చూడడానికి మనవాళ్లు వెళ్లారంటే గుమ్మం దాటకముందే ఫోనులో దిక్సూచి తెరుచుకుంటుంది. సింహద్వారం ఎటు ఉంది, వంటగది ఆగ్నేయంలో పడిందా, వీధిపోటు ఏమైనా ఉందా, బడి రేటింగు ఎంత, న్యూయార్క్ రైలు ఎక్కడానికి ఎంత దూరం వెళ్లాలి, అన్నీ ముప్పావుగంటలో తేలిపోతాయి. పైకప్పు ఎప్పుడు వేశారో, ఫర్నేసు వయసెంతో కూడా అడుగుతాం. పెరట్లో నేల కింద ఏముండేదని అడిగేవారు మాత్రం తక్కువ. అడిగినవారికి దొరికే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఆయిల్ ట్యాంకు ఉండేదండీ, ఎప్పుడో తీసేశారు. టౌన్‌షిప్ పర్మిట్ కూడా ఉంది." అంతటితో అందరి మనసూ కుదుటపడుతుంది.

నా మనసు కుదుటపడదు. పాత ట్యాంకుల కింది మట్టిని తీసి పరీక్షకు పంపడం నా వృత్తి. ఆ జవాబులో ఎంత ఖాళీ ఉందో, ఆ ఖాళీ చివరికి ఎవరి నెత్తిన పడుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇంటింటికీ గ్యాసు గొట్టాలు రాకముందు ఈ రాష్ట్రంలో చలికాలం గడిచింది హీటింగ్ ఆయిల్‌తోనే. అది డీజిల్ లాంటిదే. పన్ను కట్టని నూనె అని గుర్తు పట్టడానికి అందులో ఎర్ర రంగు కలుపుతారు. ఇంటి పక్కనో ముందున్న పచ్చికలోనో గొయ్యి తవ్వి, 275 నుంచి 1,000 గ్యాలన్ల దాకా పట్టే ఉక్కు ట్యాంకును పాతిపెట్టి, సన్నని రాగి గొట్టాలతో బేస్‌మెంట్‌లోని ఫర్నేసుకు కలిపేవారు. తరువాత గ్యాసు వచ్చింది, ఫర్నేసు మారింది. ట్యాంకును కొందరు ఉన్నచోటే వదిలేశారు, కొందరు లోపల ఇసుక పోయించి మూసేశారు, కొందరు తవ్వి తీయించారు. ఆ ఉక్కుకు ఉన్నది ఒకటే పొర. బయటి నుంచి తడినేల, లోపల అడుగున చేరిన నీళ్లు దాన్ని ఏళ్ల తరబడి తింటూ వచ్చాయి. గుండుసూది తలంత చిల్లు పడితే ఇంటివారికి ఎలా తెలుస్తుంది? ఈ ఏడు నూనె కాస్త ఎక్కువ కాలిందనుకుంటారు, చలి ముదిరిందని సరిపెట్టుకుంటారు.

భూగర్భ ట్యాంకుల మీద అమెరికా కాంగ్రెస్ 1984లో చట్టం చేసింది. ఆ చట్టం కిందికి వచ్చే ట్యాంకుల నుంచి దేశమంతటా ఇప్పటిదాకా నిర్ధారణ అయిన లీకులు 5 లక్షలు దాటాయి. పెట్రోలు బంకు యజమాని తన ట్యాంకును శాశ్వతంగా మూసివేయాలంటే, దాని నుంచి చమురు నేలలోకి కారిందో లేదో పరీక్షించి చూపించాలి. అయితే ఇంటి వేడి కోసం అక్కడికక్కడే కాల్చుకునే నూనె ట్యాంకులను ఆ చట్టం తన పరిధి నుంచి తప్పించింది. అంటే మన పెరళ్లలో ఉన్నవి ఆ 5 లక్షల లెక్కలో లేవు. వాటిని తీసేటప్పుడు మట్టి పరీక్ష తప్పనిసరి అన్న నియమమూ లేదు. బంకు పక్కన ఇల్లు వద్దని పట్టుబట్టే మనం, పెరట్లోనే బంకు ట్యాంకుకు తమ్ముడు పడి ఉన్న ఇంటికి పోటీపడి ధర పెంచుతున్నాం.

టౌన్‌షిప్ పర్మిట్ అంటే ఏమిటో చూడండి. ట్యాంకు తీయడానికి మునిసిపాలిటీ దగ్గర అనుమతి తీసుకుంటారు. తవ్విన రోజు ఇన్‌స్పెక్టర్ వస్తారు, గొయ్యి చూస్తారు, బయటికి తీసిన ట్యాంకు చూస్తారు. చిల్లులు కళ్లకు కనబడినా, నూనె వాసన కొట్టినా రాష్ట్ర పర్యావరణ శాఖ, అంటే డి.ఇ.పి., హాట్‌లైన్‌కు ఫోను చేయాలంటారు. ఏమీ కనబడకపోతే సంతకం పెడతారు, గొయ్యి పూడుస్తారు. ఆ సంతకం చెప్పేది ట్యాంకు నిబంధనల ప్రకారం తొలగించారనే. మట్టిలో నూనె ఎంత ఉందో కొలిచారని అందులో ఎక్కడా ఉండదు. తుప్పు, బురద పట్టిన ట్యాంకు అడుగున సన్నని చిల్లును కంటితో పట్టుకోవడం ఎంత అనుభవం ఉన్నా కష్టమే. ఇన్‌స్పెక్టర్లను తప్పుపట్టడం లేదు, వారి పని అంతవరకే.

ఇక డి.ఇ.పి. ఇచ్చే ఉత్తరం సంగతి. లీకు జరిగి, శుభ్రం చేసి, ఆ నివేదిక పంపితే "ఇక చేయాల్సింది లేదు" అని ఒక లెటర్ ఇస్తారు. ఎన్.ఎఫ్.ఎ. (నో ఫర్దర్ యాక్షన్) అని దాన్నే అంటారు. లీకు కాలేదని చెప్పే ట్యాంకుకు డి.ఇ.పి. ఏ ఉత్తరమూ ఇవ్వదు. అందుకే ఎన్.ఎఫ్.ఎ. ఉన్న ఇల్లు చూసి మనవాళ్లు భయపడి వెనక్కి రావడం, ఏ కాగితమూ లేని ఇంటిని "క్లీన్" అని మెచ్చుకోవడం నాకు విచిత్రంగా ఉంటుంది. మొదటి ఇంట్లో మట్టిని తవ్వి, పరీక్షించి, అంకెలు రాసిపెట్టారు. రెండో ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఇదే రాష్ట్రంలో సొంత బావి ఉన్న ఇల్లు అమ్మాలంటే ఆ బావి నీళ్లు పరీక్షించి తీరాలి. 2002 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న చట్టం అది. పెట్రోలులో ఉండే బెంజీన్ కూడా ఆ పరీక్షల జాబితాలో ఉంది. నీటికి ఉన్న ఈ శ్రద్ధ, ఆ నీటిని వడకట్టి పంపే నేలకు లేదు. శాసనసభ ఎప్పుడు పట్టించుకుంటుందో చెప్పలేను. అప్పటిదాకా ఆ పరీక్షను కొనుగోలుదారే అడిగి చేయించుకోవాలి.

ఎందుకంత అవసరమంటే, 1976 నాటి స్పిల్ చట్టం ప్రకారం న్యూజెర్సీలో బాధ్యత తప్పును బట్టి నడవదు. నూనె కార్చింది ముగ్గురు యజమానుల కిందటి మనిషి కావచ్చు, నేల మాత్రం ఇప్పుడు మీ పేరు మీద ఉంటుంది. కొనేటప్పుడు తెలియదని, తెలుసుకోవడానికి తగినంత విచారణ చేశానని చూపించగలిగినవారికి కొంత రక్షణ ఉంది. తెలిసి ఉన్నా, తెలిసి ఉండవలసింది అయినా ఆ రక్షణ పోతుంది. "ట్యాంకు ఉండేదండీ" అన్న మాట విన్నాక కూడా మట్టి పరీక్ష అడగని మనిషి, తనకేమీ తెలియదని రేపు ఎలా చెప్పగలడు? ఇంటి బీమా ఆదుకుంటుందనుకోకండి. మీరు కొనకముందే నేలలో ఉన్న చమురుకు మీ కొత్త పాలసీ సాధారణంగా డబ్బు ఇవ్వదు. అమ్మినవారి పాత పాలసీ ఏదైనా పనికివస్తుందేమో వెతకాలి. అది లాయర్ల పని, నెలల పని.

నేను పని చేసిన ఒక ఇంటి విషయం ఊరు చెప్పకుండా రాస్తాను. 1990ల్లో ట్యాంకు తీశారు, పని పూర్తయిందని పర్మిట్ మూసేశారు. తరువాత ఇల్లు రెండు చేతులు మారింది. మూడో యజమానులు మన తెలుగు దంపతులు. ఊరి నుంచి వచ్చే పెద్దవాళ్లకు మెట్లు ఎక్కే బాధ లేకుండా కింద ఒక గది కలుపుకుందామని పునాది తవ్వించారు. మూడడుగుల దగ్గర మట్టి మామూలుగానే ఉంది. ఆరడుగులు దాటాక అక్కడి ఇటుక ఎరుపు నేల బూడిద రంగులోకి మారింది. అది నూనె చేరిందన్న గుర్తు. పని ఆగింది. గది ఖర్చు కంటే మట్టి ఖర్చు ఎక్కువైంది. కలుషితమైన మట్టిని టన్నుల లెక్కన తూచి, అనుమతి ఉన్న చోటికి లారీల్లో తోలాలి. ఒక ఘనగజం మట్టి దాదాపు టన్నున్నర తూగుతుంది. కొంచెం తవ్వినా టన్నులు ఎంత తొందరగా పెరుగుతాయో లెక్కవేసుకోండి. ఇలాంటి శుభ్రతకు పదుల వేల డాలర్లు మామూలు, భూగర్భ జలం దాకా పోతే లక్ష దాటినా ఆశ్చర్యపోనవసరం లేదు.

మన వాస్తు శాస్త్రంలో ఇల్లు కట్టేముందు భూపరీక్ష అని ఒకటుంది. మూరెడు గొయ్యి తవ్వి, తీసిన మట్టిని మళ్లీ అందులోనే పోసి, మిగిలిందా చాలలేదా అని చూడమన్నారు. మట్టి రంగు, వాసన, రుచి కూడా పరిశీలించమన్నారు. దిక్కుల దగ్గర అంత పట్టుదల చూపించే మనం, శాస్త్రం మొదట చేయమన్న పనిని ఎప్పుడు వదిలేశామో అర్థం కాదు. ఈశాన్యాన నేలలో గొయ్యి ఉంటే శుభమని సంతోషించే ముందు, ఆ గొయ్యిలో ఇదివరకు నీళ్లుండేవా, నూనె ఉండేదా అని కూడా కనుక్కోవాలి కదా. రుచి మాత్రం చూడకండి.

ఇక అసలు పరీక్ష ఎలా ఉండాలో చెబుతాను. మన కుటుంబాలు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. మోసం అనకూడదేమో, పొరబాటు అందాం.

మొదటి పొరబాటు ట్యాంకు స్వీప్‌ను మట్టి పరీక్ష అనుకోవడం. లోహాన్ని పసిగట్టే యంత్రంతోనో రాడార్‌తోనో పెరడంతా తిరిగి, కింద ట్యాంకు ఉందో లేదో చెప్పడం స్వీప్. కొన్ని వందల డాలర్ల పని. చేయించండి, తప్పకుండా చేయించండి. అది వెతికేది ట్యాంకును. ట్యాంకు తీసేసిన ఇంట్లో స్వీప్ చేస్తే ఏమీ లేదనే వస్తుంది, ఎందుకంటే నిజంగానే ఏమీ లేదు. దాని కింద నూనె ఎంత దిగిందో ఆ యంత్రానికి తెలిసే వీలు లేదు. డెక్ కింద, ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటు కింద, గ్యారేజీ గచ్చు కింద దాగిన ట్యాంకునైతే అసలు చూడలేకపోవచ్చు కూడా. గోడ పక్కన మొలిచినట్టుండే పాత గొట్టాలు, బేస్‌మెంట్ గోడలో కోసి వదిలేసిన రాగి గొట్టం ముక్కలు, సిమెంటు పూసిన చిన్న గుండ్రటి అతుకులు మీ కంటితో మీరే చూడండి.

రెండోది లోతు. 550 గ్యాలన్ల ట్యాంకు సుమారు నాలుగడుగుల వ్యాసం, ఆరడుగుల పొడవు ఉంటుంది. దాని మీద రెండు మూడు అడుగుల మట్టి ఉంటుంది. అంటే ట్యాంకు అడుగు ఆరేడడుగుల కింద. నూనె కారితే అక్కడి నుంచి కిందికి కారుతుంది. రెండడుగుల లోతున తీసిన నమూనా బాగుందని చెబితే అది పచ్చిక బాగుందని చెప్పడమే. అలాంటి నివేదికలు నేను చూశాను. పైన అందమైన లెటర్‌హెడ్, కింద ల్యాబు ముద్ర, మధ్యలో లోతు అన్న గడిలో రెండడుగులు.

మూడోది, దీన్ని గుర్తించడం అన్నిటికన్నా కష్టం. ట్యాంకు తీశాక గొయ్యిని బయటి నుంచి తెచ్చిన శుభ్రమైన మట్టితో, ఇసుకతో పూడుస్తారు. ఏళ్ల తరువాత మీరు బోరు వేయిస్తే, అంటే నీళ్ల కోసం కాదు, మట్టి నమూనా కోసం నేలలోకి గొట్టం దింపిస్తే, మొదట వచ్చేది ఆ పూడిక. అందులోంచి నమూనా తీస్తే ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. పూడిక దాటి, ఎన్నడూ కదలని సొంత నేల తగిలేదాకా దిగాలి. అనుభవమున్న మనిషికి ఆ తేడా బోరు గొట్టంలో స్పష్టంగా కనిపిస్తుంది: వదులు ఇసుక ఆగిపోయి బిగుతైన పొర మొదలవుతుంది, రంగు మారుతుంది. నమూనా తీయాల్సింది ఆ హద్దు దాటిన వెంటనే ఉన్న అర అడుగులో. రెండు కొనల కింద, మధ్యలో, అనుమానం ఉంటే పక్కలకు కూడా. మూడు చోట్ల మట్టిని కలిపి ఒకే సీసాలో వేసి పంపిస్తే ఖర్చు తగ్గుతుందని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. ఒకచోట ఉన్న చెడు మిగతా రెండు చోట్ల మంచిలో కలిసి మాయమవుతుంది.

బోరు వేసే ముందు ట్యాంకు సరిగ్గా ఎక్కడ ఉండేదో తెలియాలి. నాలుగడుగులు పక్కకు జరిగితే పరీక్ష వృథా. టౌన్‌షిప్ క్లర్క్‌కు ఓప్రా, అంటే ప్రజా రికార్డుల చట్టం కింద, ఆ చిరునామాకు ఉన్న పాత పర్మిట్లు, గీతపటాలు అడగండి. మామూలుగా ఏడు పనిదినాల్లో జవాబు ఇవ్వాలి. డి.ఇ.పి. రికార్డులు ఆన్‌లైన్‌లో వెతికే డేటామైనర్‌లో చిరునామా వేసి పాత కేసు ఏదైనా నమోదైందేమో చూడండి. ఈ రెండింటికీ లాయరు అక్కర్లేదు. 811కు ఫోను చేసి నేలలోని గ్యాసు, కరెంటు తీగల గుర్తులు వేయించకుండా మాత్రం ఎవరినీ గునపం దించనివ్వకండి.

పనివాళ్లు బోరు దగ్గర ఏం చేస్తున్నారో మీరు కూడా నిలబడి చూడవచ్చు. మట్టి దగ్గర పెట్టే చిన్న యంత్రం ఆవిరిని పసిగడుతుంది. పెట్రోలు విషయంలో అది బాగా పనిచేస్తుంది. హీటింగ్ ఆయిల్ బరువైనది, ఎక్కువ ఆవిరి కాదు. పైగా ముప్పై ఏళ్లు నేలలో ఉండి తేలిక భాగాలు పోగొట్టుకుని ఉంటుంది. యంత్రం సున్నా చూపిందని ఇంటికి వెళ్లిపోకూడదు. చిటికెడు మట్టిని నీళ్లున్న సీసాలో వేసి గట్టిగా కదిపితే పైన రంగుల పొర తేలుతుందేమో చూడడం పాత పద్ధతే అయినా మంచి సూచన ఇస్తుంది. ఎర్రనేల బూడిద రంగుకు మారిందంటే, అక్కడ చేరిన నూనెను సూక్ష్మజీవులు తింటూ ప్రాణవాయువును ఖర్చు చేశాయని, దాంతో మట్టిలోని ఇనుము రూపం మారిందని అర్థం. అలా బూడిద రంగులో కనిపించిన పొర నుంచే నమూనా తీయాలి, దానికి పక్కనున్న శుభ్రమైన పొర నుంచి కాదు. వినడానికి నవ్వులాటగా ఉంటుంది కానీ, అమ్మేవారి డబ్బుతో వచ్చిన మనిషి చేయి ఎటు వెళ్తుందో గమనించడం అవసరం.

నూనె నేలలో ఎలా నడుస్తుందన్నది ఊరిని బట్టి మారుతుంది. పిస్కాటవే, ఎడిసన్ ఉత్తర భాగాల్లో కొంచెం తవ్వగానే ఎర్ర షేల్ రాయి తగులుతుంది. నూనె ఆ రాతి పగుళ్లలో దూరితే ఎటు వెళ్లిందో వెంబడించడం నరకం. రూట్ 1కు తూర్పున మన్రో, ఓల్డ్ బ్రిడ్జ్ వైపు ఇసుకనేల ఎక్కువ. అక్కడ తిన్నగా కిందికి జారిపోయి భూగర్భ జలం మీద తేలుతుంది. వానాకాలంలో నీటిమట్టం లేచి, ఎండల్లో దిగినప్పుడల్లా ఆ నూనె కూడా పైకీ కిందికీ పూసుకుంటూ పోతుంది. అందుకే పక్కింటివారి ట్యాంకు కూడా మీ సమస్య కావచ్చు, మీది వారి సమస్య కావచ్చు.

ఇక ల్యాబు. హీటింగ్ ఆయిల్‌కు అడగాల్సిన పరీక్ష ఇ.పి.హెచ్. అంటే ద్రావకంతో మట్టిలోంచి బయటికి లాగగల పెట్రోలియం హైడ్రోకార్బన్లు. కిలో మట్టిలో ఎన్ని మిల్లీగ్రాములున్నాయో చెబుతారు. 1,000 దాటితే నాఫ్తలీన్ లాంటి పదార్థాలకు విడిగా మరో పరీక్ష చేయాల్సి రావచ్చు. అక్కడ ఉండేది పెట్రోలు ట్యాంకు అయితే ఇ.పి.హెచ్. చాలదు. బెంజీన్, టోలీన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్‌లు, పాతకాలపు పెట్రోలైతే సీసం కూడా చూడాలి. వాటికి నమూనా తీసే తీరే వేరు: గాలి తగిలితే ఆవిరై పోతాయి కాబట్టి తీసిన క్షణంలోనే ప్రత్యేకమైన గొట్టంలో బంధించాలి లేదా మిథనాల్‌లో ముంచాలి, చల్లగా ఉంచి పంపాలి. జిప్‌లాక్ సంచిలో మట్టి వేసి కారు డిక్కీలో పెట్టుకుని మరునాడు ల్యాబులో ఇచ్చేవారిని కూడా చూశాను. ఆ నివేదికలో బెంజీన్ సున్నా అని రాక మరేం వస్తుంది?

నివేదిక చేతికొచ్చాక చివరి పేజీలో సారాంశం చదివి ఆగిపోకండి. ఏ లోతు, ఎన్ని నమూనాలు, ఎక్కడెక్కడ, ఏ పరీక్ష, ఏ తేదీ అన్నవి చూడండి. "ఎన్.డి." అని ఉంటే కనబడలేదని అర్థం, పక్కనే ఎంత మేరకు కనిపెట్టగలమో ఆ హద్దు రాసి ఉంటుంది. అదీ చూడండి. మట్టిలో ఏది ఎంతవరకు ఉండవచ్చో చెప్పే రాష్ట్ర ప్రమాణాలు 2021 మేలో మారాయి. పదేళ్ల కిందటి నివేదిక ఆనాటి ప్రమాణం ప్రకారం పాసై ఉండవచ్చు, ఈనాటి దానితో పోల్చి చూడమని అడగండి. దీనికి ఇంకోవైపు కూడా ఉంది. అంకె కనబడగానే బెదిరిపోనక్కర్లేదు. కుళ్లిన ఆకులు, వేళ్లు, డ్రైవ్‌వే నుంచి రాలిన తారు పలుకులు కూడా ఇ.పి.హెచ్. అంకెను పెంచుతాయి. ల్యాబు ఇచ్చే గ్రాఫు చూస్తే అది హీటింగ్ ఆయిల్ ఆకారమా, తారు ఆకారమా అన్నది తెలిసినవారు చెప్పగలరు. ప్రమాణం కంటే తక్కువున్న కొద్దిపాటి అంకెతో ఎన్నో ఇళ్లలో జనం నిశ్చింతగా బతుకుతున్నారు.

మన ఆడవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: గోంగూర, బెండ, సొరపాదు వేసుకోవచ్చా? ఏడడుగుల కింద ఉన్న నూనె దాకా గోంగూర వేళ్లు పోవు. నేను జాగ్రత్త చెప్పేది వేరే చోటి గురించి. నూనె లారీవాళ్లు ట్యాంకు నింపే గొట్టం ఇంటి గోడ పక్కనే ఉండేది. దశాబ్దాల పాటు నింపినప్పుడల్లా కొంచెం కొంచెం పొంగి పై మట్టిలోనే ఇంకి ఉంటుంది. సరిగ్గా ఆ గోడ పక్కనే ఎండ తగులుతుందని మనం మడి కడతాం. అక్కడి పైమట్టిని కూడా ఒక నమూనాగా చేర్చమనండి. అంతవరకు పెట్టెల్లో కొత్త మట్టి పోసి పెంచుకోండి. బేస్‌మెంట్‌లో వానలప్పుడు కిరసనాయిలు లాంటి వాసన వస్తుంటే అది పెయింటు వాసన అని ఎవరు చెప్పినా నమ్మకండి.

ఇప్పుడు రియల్టర్లతో రెండు మాటలు. మీలో చాలామంది నాకు తెలిసినవారే, పండుగలకు కలిసేవారే. పది ఆఫర్లు వచ్చిన ఇంటికి మన కుటుంబం చేత "ఇన్‌స్పెక్షన్ వద్దు, ఉన్నది ఉన్నట్టే తీసుకుంటాం" అని రాయించి గెలిపించానని మీరు గర్వంగా చెప్పుకోవడం విన్నాను. ఇంటి భౌతిక స్థితి గురించిన ముఖ్యమైన సమాచారం తెలుసుకోవడానికి తగిన ప్రయత్నం చేయాలని మీ లైసెన్సు నిబంధనలే చెబుతున్నాయి. ట్యాంకు ఉండేదన్న ఇంటి విషయంలో "పర్మిట్ ఉంది" అనడం దగ్గర ఆగకుండా "మట్టి నివేదిక ఉందా?" అని అమ్మేవారి ఏజెంటును అడగడానికి ఒక్క ఈమెయిలు చాలు. ఒప్పందం పోతుందని భయపడతారు. నిజమే, కొన్ని పోతాయి. మట్టిలో నూనె తేలితే డి.ఇ.పి.కి చెప్పాల్సి వస్తుందని కొందరు అమ్మకందారులు బోరు వేయడానికే ఒప్పుకోరు. అలాంటి ఇంటికి నేనైతే ఆఫర్ పెట్టను, నా చెల్లెలి చేత పెట్టనివ్వను. మీ చెల్లెలైతే మీరేం చేస్తారు?

కొనేవారికి: రియల్టరు తయారుచేసిన ఒప్పందాన్ని లాయరు చూడడానికి ఈ రాష్ట్రంలో మూడు పనిదినాలు ఉంటాయి. ఆ మూడు రోజుల్లో మట్టి పరీక్ష పూర్తికాదు, అయితే దాని గురించి ఒక నిబంధన రాయించడానికి సరిపోతాయి. స్వీప్ చేయించుకునే హక్కు, పాత ట్యాంకు స్థలంలో సొంత నేల దాకా బోరు వేసి నమూనా తీసుకునే హక్కు, నూనె తేలితే అమ్మేవారు సొంత ఖర్చుతో శుభ్రం చేయించి ఎన్.ఎఫ్.ఎ. తెచ్చేదాకా క్లోజింగ్, అంటే ఇల్లు మీ పేరు మీదికి మారడం, ఆగడం లేదా మీ డిపాజిట్ మీకు తిరిగి రావడం, ఈ నాలుగూ అందులో ఉండాలి. "క్లోజింగ్ తరువాత చూసుకుందాం, ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి దగ్గర, కొంత డబ్బు ఉంచుతాం" అంటే ఆ మొత్తం ఎవరు, ఏ లెక్కతో నిర్ణయించారో అడగండి. తవ్వకముందు టన్నులెన్నో ఎవరికీ తెలియదు.

ఇప్పటికే కొనేసి, ఇది చదివి గుండె గుభేలుమన్నవారు హడావిడిగా ఎవరినో పిలిచి తవ్వించకండి. ముందు కాగితాలు వెతకండి: క్లోజింగ్ ఫైలు, అమ్మినవారు నింపిన డిస్‌క్లోజర్ ఫారం, పాత పర్మిట్, వీలైతే పాత యజమాని బీమా కంపెనీ పేరు. ఇంట్లో వాసన లేదు, సొంత బావి లేదు అంటే రేపే చేయాల్సినంత తొందర లేదు. తవ్వకం పని ఏదైనా తలపెట్టేలోగా, లేదా అమ్మాలనుకున్న ఏడాది ముందు, రెండు మూడు బోర్లు వేయించుకుంటే మేలు. బోరు వేసే సంస్థ, శుభ్రం చేసే సంస్థ ఒకటే కాకుండా చూసుకోండి. టన్నుకింత అని బిల్లు వేసేవారి చేతే ఎన్ని టన్నులు తవ్వాలో చెప్పించుకోవడం నాకు నచ్చదు. డి.ఇ.పి. సర్టిఫికెట్ ఉన్న సబ్‌సర్ఫేస్ ఇవాల్యుయేటర్, అంటే నేల కింది కాలుష్యాన్ని అంచనా వేసే మనిషి, కావాలని స్పష్టంగా అడగండి, సర్టిఫికెట్ గడువు చూడండి.

మన సంఘాలు పన్నుల మీద, వీసాల మీద, పిల్లల కాలేజీ ప్రవేశాల మీద ఆదివారం సదస్సులు పెడుతుంటాయి. ఇళ్ల కొనుగోలు మీద పెట్టే తరువాతి సదస్సులో వడ్డీరేట్ల మనిషితో పాటు మట్టి మనిషికి కూడా ఒక అరగంట ఇవ్వండి. బోరు గొట్టం, పూడిక మట్టి, ఎర్రనేల, బూడిదగా మారిన నేల నమూనాలు నేను తెస్తాను. పాత నివేదికలు ఉన్నవారు చిరునామా కొట్టేసి పట్టుకురండి, లోతు గడి ఎక్కడుంటుందో కలిసి వెతుకుదాం.

ఇట్లు,
మధ్య జెర్సీలో మట్టి నమూనాలు తీసే ఒక తెలుగువాడు